ఓడకి గంటన్నర, గేటుకి ఆరున్నరేళ్లు

ప్రశ్న: స్పెయిన్, మొరాకో ఎప్పుడు చూసినా ఏదో ఒక గొడవలో ఉంటాయి. మళ్లీ రెండింటి మధ్య వ్యాపారం పెరుగుతోందనీ చదువుతుంటాను. ప్రధానులు కలిసి ఒప్పందాల మీద సంతకాలు పెట్టడం వల్లే ఇది జరుగుతోందా, లేక అవన్నీ ఫొటోల కోసమేనా?
– ఎంబీఏ విద్యార్థిని

జవాబు: ఫొటోల కోసం కూడానండీ, అందులో తప్పేం లేదు. కానీ ముందు మ్యాప్ చూడండి. జిబ్రాల్టర్ జలసంధి దగ్గర, బాగా సన్నగా ఉన్నచోట, ఈ రెండు దేశాల మధ్య సముద్రం 14 కిలోమీటర్లే. మబ్బు లేని రోజున స్పెయిన్ వైపు తరీఫా ఒడ్డున నిలబడితే అవతల ఆఫ్రికా కొండలు మామూలు కంటికే కనిపిస్తాయి. స్పెయిన్ రేవు అల్హెసీరాస్‌లో ఓడెక్కిన లారీ గంటన్నరలో మొరాకో వైపు టాంజియర్ మెడ్ రేవులో దిగుతుంది. సరుకు అనకుండా లారీ అని కావాలనే అన్నాను, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. క్రేన్‌తో ఎత్తడం, దించడం, మళ్లీ ఎక్కించడం ఏమీ లేకుండా లారీ సరుకుతో సహా ఓడ కడుపులోకి వెళ్లి, అవతల ఒడ్డున అలాగే బయటికొచ్చి రోడ్డు పట్టుకుంటుంది. 2007లో మొదలైన ఆ రేవు మీదుగా 2024లో ఇలా 5 లక్షలకు పైగా లారీలు వచ్చి వెళ్లాయి.

దీనివల్ల ఏమవుతుందో ఒక చొక్కాతో చెప్తాను. జారా షాపులు నడిపే ఇండిటెక్స్ తన బట్టల్లో పెద్ద భాగం స్పెయిన్, పోర్చుగల్, మొరాకో, టర్కీల్లోనే తయారు చేయిస్తుంది. కుట్టుకూలి ఒక్కటే లెక్కయితే ఇంతకంటే చవక దేశాలు ఆసియాలో బోలెడు. కానీ అక్కడినుంచి ఓడ రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా జనం వేరే రంగు అడగడం మొదలుపెడతారు. టాంజియర్‌లో కుట్టిన చొక్కా అయితే లారీలోనే సముద్రం దాటి కొద్ది రోజుల్లో స్పెయిన్ గోడౌన్‌కి చేరిపోతుంది, అంటే ఏది అమ్ముడవుతోందో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టుకోవచ్చు, మిగిలిపోయిన సరుకు సగం ధరకి తెగనమ్ముకునే టెన్షన్ తగ్గుతుంది. కార్ల కథా అలాంటిదే. 2012లో టాంజియర్ దగ్గర మొదలైన రెనో ఫ్యాక్టరీ నుంచి కార్లు రైలెక్కి నేరుగా రేవుకే వెళ్తాయి. కంపెనీ ఫ్రెంచి వాళ్లదే, కానీ మొరాకోలో కార్ల తయారీ పెరిగిన కొద్దీ స్పెయిన్ విడిభాగాల కంపెనీలకూ గిరాకీ పెరిగింది.

ఇక సంతకాల సంగతి. చాలామంది మర్చిపోయేది ఏంటంటే, మొరాకో సరుకు మీద సుంకం తగ్గించే అధికారం స్పెయిన్‌కి అసలు లేదు. అది యూరోపియన్ యూనియన్ చేతిలో పని. మొరాకోతో యూనియన్ ఒప్పందం 2000లో అమల్లోకి వచ్చింది, ఫ్యాక్టరీ సరుకుల మీద సుంకాలు దశలవారీగా 2012 కల్లా పోయాయి. మరి ప్రధానులు దేని మీద సంతకం పెడతారంటే, ఎక్కువగా అప్పుల మీద! 2023 ఫిబ్రవరిలో మొరాకో రాజధాని రబాత్‌లో ఇరవై దాకా ఒప్పందాలు కుదిరాయి. వాటిలో అసలు బరువున్నది 80 కోట్ల యూరోల ఆర్థిక సాయం, మొరాకోలో స్పెయిన్ కంపెనీలకు పనులు దొరికేలా. సాయం అనే పేరు చూసి మోసపోకండి, అప్పు ఇచ్చేవాడు తన సరుకే కొనిపించుకుంటాడు. 2025లో మొరాకో రైల్వే 40 రైళ్ల ఆర్డర్ స్పెయిన్ కంపెనీ సీఏఎఫ్‌కి ఇచ్చింది, దాని వెనకా స్పెయిన్ ప్రభుత్వ రుణమే. 2030 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను ఈ రెండు దేశాలు, పోర్చుగల్ కలిసి నిర్వహిస్తున్నాయి కాబట్టి ఈ తరహా పనులు ఇంకా వస్తాయి.

గొడవల మాటకొస్తే, 2002లో మనుషులు కూడా ఉండని ఒక రాతి దిబ్బ కోసం సైనికులు దిగారు. 2021 మేలో రెండు రోజుల్లో 8,000 మంది దాకా మొరాకో వైపు నుంచి, ఆఫ్రికా గడ్డ మీదున్న స్పెయిన్ ఊరు సెయూటాలోకి వచ్చేశారు, మొరాకో తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. అయినా లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఏడాది వ్యాపారం 2,000 కోట్ల యూరోలు దాటింది.

అలాగని రాజకీయం ఏమీ చేయలేదనుకుంటే పొరపాటే, మెలియా గేటు చూడండి. సెయూటా లాగే మెలియా కూడా ఆఫ్రికా గడ్డ మీద ఉన్న స్పెయిన్ ఊరే. మెలియా దగ్గరున్న కస్టమ్స్ చౌకీని మొరాకో 2018 ఆగస్టులో మూసేసింది. సెయూటాలో అప్పట్లో అసలు చౌకీయే లేదు. ఆ ఊళ్ల నుంచి సరుకు మరి ఎలా వెళ్లేదంటే, ఆడవాళ్ల వీపుల మీద. మనిషి మోసుకెళ్లగలిగింది సామాను కిందే లెక్క, దానికి సుంకం లేదు. అందుకని తమ బరువుకు దగ్గరగా ఉండే మూటలు కట్టుకుని, నడుం వంచి, ఆ ఇరుకు దారుల్లో నడిచేవాళ్లు. తొక్కిసలాటల్లో ప్రాణాలు కూడా పోయాయి. అది ఆగిపోవడం మంచిదే, నా మటుకు నాకు దాన్ని వ్యాపారం అనడమే సిగ్గుగా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో రెండు దేశాలూ రాజీపడి చౌకీ తెరుస్తామని రాసుకున్నాక కూడా, మెలియా నుంచి ఇంట్లో వాడే కరెంటు సామాన్లతో ఒక చిన్న వాహనం గేటు దాటింది 2025 జనవరిలో. సంతకం విలువ ఎంతో మీరే చెప్పండి.

ప్రశ్న: అల్జీరియా అయితే స్పెయిన్‌తో వ్యాపారాన్ని ఒక్క రోజులో ఆపేసింది కదా? మరి వ్యాపార బంధం గొడవలను ఆపుతుందనే మాట అక్కడ ఏమైంది?
– రిటైరైన బ్యాంకు ఉద్యోగి

జవాబు: మంచి చోటే పట్టుకున్నారు. పశ్చిమ సహారా అని మొరాకో తనదనే ఎడారి ప్రాంతం ఒకటుంది, అక్కడి స్వాతంత్ర్య పోరాటానికి అల్జీరియా అండ. ఆ విషయంలో స్పెయిన్ మొరాకో ప్రతిపాదన (తన కిందే స్వయంపాలన) వైపు మొగ్గిందని అల్జీరియాకి కోపమొచ్చి, 2022 జూన్ 8న స్పెయిన్‌తో స్నేహ ఒప్పందాన్ని పక్కనపెట్టింది. ఆ వెంటనే బ్యాంకుల్లో స్పెయిన్ ఎగుమతుల చెల్లింపులు ఆగిపోయాయి. స్పెయిన్ ఎగుమతులు 2021లో దాదాపు 190 కోట్ల యూరోలు, 2023లో 35 కోట్ల లోపు. టైల్స్‌కి పూత సామగ్రి అమ్ముకునే స్పెయిన్ ఊరు కాస్తెయోన్ కంపెనీలు లబోదిబోమన్నాయి. 2024 చివరికి గానీ దారి తెరుచుకోలేదు.

కానీ ఆపనిది ఏంటో గమనించారా? అల్జీరియా నుంచి సముద్రం అడుగున స్పెయిన్ ఒడ్డున అల్మెరియాకి వచ్చే మెడ్‌గ్యాజ్ పైపు. దాంట్లో గ్యాస్ పోతూనే ఉంది, ఎందుకంటే అది ఆపితే అల్జీరియా ఖజానాకే దెబ్బ. అంటే బంధం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆపితే తనకూ నొప్పి పుట్టేలా ఉండాలి. బయటినుంచి కొనే టైల్స్ పూతకి అంత శక్తి లేదు. మొరాకో మీదుగా స్పెయిన్ వెళ్లే ఇంకో పైపును మాత్రం అల్జీరియా అంతకుముందే, మొరాకోతో తనకున్న గొడవలో, 2021 అక్టోబర్ ఆఖరున మూసేసింది. 2022 నడిమిలో స్పెయిన్ అదే పైపులో గ్యాస్‌ను వెనక్కి, మొరాకోకి పంపడం మొదలుపెట్టింది. షరతు ఒక్కటే, అందులో అల్జీరియా గ్యాస్ ఉండకూడదు!

ప్రశ్న: స్పెయిన్‌లో ఉంటున్న మా తమ్ముడు డ్రిప్ ఇరిగేషన్ సామాన్లు తయారు చేసే చిన్న కంపెనీలో పనిచేస్తాడు. మొరాకోలో కొనేవాళ్లు దొరికారట. ఏం జాగ్రత్తలు చూసుకోమంటారు?
– ఒక అక్కయ్య

జవాబు: సరుకు యూరప్‌లోనే తయారైందని చెప్పే ఈయూఆర్.1 సర్టిఫికెట్ లాంటి రుజువు ఉండాలి. అది లేకపోతే సుంకం మినహాయింపు రాదు, కొన్నవాడితో మొదటి ఆర్డర్‌లోనే పేచీ. మొరాకో డబ్బు దిర్హమ్‌ని ఇష్టమొచ్చినట్టు యూరోల్లోకి మార్చి పంపడం కుదరదు, విదేశీ చెల్లింపులన్నీ అక్కడి నిబంధనల ప్రకారం బ్యాంకు ద్వారానే జరగాలి, కాబట్టి డబ్బు ఎప్పుడు ఎలా వస్తుందో లారీ కదలకముందే రాసుకోమనండి. ఉత్తరాన టాంజియర్ వైపు స్పానిష్‌తో నెట్టుకురావచ్చు, కాసాబ్లాంకాలో వ్యాపార కాగితాలన్నీ ఎక్కువగా ఫ్రెంచిలోనే నడుస్తాయి. ఇంకో చిన్న సంగతి, రంజాన్ నెలలో మొరాకో గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతుంది, పని వేళలూ మారతాయి. ఫోన్ ఎత్తలేదని కంగారు పడకముందు టైమ్ చూసుకోమనండి.