ముందు వేడిగాలికి దారి చూడు

హన్మకొండ

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

ఇంటి యజమాని గోడకు రంధ్రం వేయనివ్వనందువల్ల స్ప్లిట్ ఏసీ ఆలోచన మానుకొని, చక్రాల మీద నడిచే ఒక టన్ను పోర్టబుల్ ఏసీని తెప్పించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గోదావరిఖనిలో, అందులోనూ పై అంతస్తులో, రోహిణి కార్తె ఎలా ఉంటుందో తెలిసినవాడిని కనుక నీ తొందరను తప్పుపట్టను. అయితే 30 ఏళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసినవాడిగా ఒక మాట ముందే చెబుతాను: ఈ యంత్రం చల్లబరచడం లేదని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావరకు లోపం యంత్రంలో లేదు, దాని వెనుక పైపులోనూ ఆ పైపు పెట్టిన కిటికీలోనూ ఉంది.

స్ప్లిట్ ఏసీలో వేడిని వదిలే భాగం ఇంటి బయట ఉంటుంది. నీ దానిలో కంప్రెసరు, వేడి కాయిలు, చల్లని కాయిలు అన్నీ ఒకే డబ్బాలో, నీ మంచం పక్కనే ఉంటాయి. చప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఒకే పైపు ఉన్న రకమైతే, అది గదిలోని చల్లగాలినే కొంత పీల్చుకొని, వేడి కాయిలు మీదుగా పంపి, బయటికి తోసివేస్తుంది. అలా పోయిన గాలి స్థానంలోకి తలుపు కింది సందు నుంచో కిటికీ రెక్కల మధ్య నుంచో వేడిగాలి వచ్చి తీరుతుంది. అందువల్ల డబ్బా మీద 12,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత, ఒక టన్ను అంటే ఇంతే) అని వ్రాసి ఉన్నప్పటికీ, అంతే సామర్థ్యం గల స్ప్లిట్ ఇచ్చే చల్లదనాన్ని దీని నుంచి ఆశించకు. పడకగది ఒక్కటే చల్లబరచుకో, హాలు జోలికి పోకు.

ఇక కిటికీ సంగతి. యంత్రంతో పాటు వచ్చే ప్లాస్టిక్ పట్టీ పక్కకు జరిగే అద్దాల కిటికీల కోసం చేసినది. ఇనుప కడ్డీలుండి, చెక్క రెక్కలు బయటికి తెరుచుకునే మన కిటికీలకు అది కుదరదు. నేను మా ఇంట్లో మొదటిసారి పెట్టినప్పుడు, ఊరందరికీ సలహాలు చెప్పే మనిషినై ఉండి కూడా, పైపు మూతిని కడ్డీల మధ్య ఇరికించి, మిగిలిన సందులో పాత చద్దరు కుక్కి పడుకున్నాను. అర్ధరాత్రి లేచి చేయి పెట్టి చూస్తే, బయటికి పోయిన వేడిగాలి చద్దరు పక్క నుంచి మళ్లీ లోపలికే వస్తున్నది. మరునాడు వడ్రంగిని పిలిపించి, కిటికీ లోపలి కొలతకు ప్లైవుడ్ కోయించి, పైపు మూతికి సరిపడే రంధ్రం చేయించి, అంచులకు ఫోమ్ టేపు అంటించి కడ్డీలకు ఇవతల బిగించాను. నీవు కూడా అదే చేయించుకో. ఆ చోట దోమల జాలీ ఉంటే తీసివేయాలి, ఎందుకంటే మీ బొగ్గు దుమ్ముకు అది నెల తిరగకుండానే మూసుకుపోయి వేడిగాలిని అడ్డగిస్తుంది. బయటి రెక్కను పూర్తిగా తెరిచి ఉంచు. పైపును వీలైనంత పొట్టిగా, వంపు లేకుండా ఉంచు. అందలేదని ఇంకో పైపు అతికించకు. హాలులోకో అటక మీదికో వేడిని వదిలితే అది ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. గదికి ఆనుకొని ఉన్న స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే మాత్రం ఏసీ నడుస్తున్నప్పుడు దానిని ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించవద్దు; గది గాలిని పీల్చే ఈ యంత్రం గీజరు విషవాయువును కూడా లోపలికి లాగగలదు.

డబ్బా ఆటోలో పడుకోబెట్టి తెచ్చి ఉంటే, యంత్రాన్ని ఒక రోజంతా నిలువుగా ఉంచిన తరువాతే నడుపు. కంప్రెసరులోని నూనె కిందికి దిగాలి. దానికి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి ప్లగ్గు కరిగిన ఇళ్లను నేను చూశాను. కరెంటు పోయి వచ్చినప్పుడు కనీసం మూడు నిమిషాలు ఆగి వేయాలి.

18 మీద పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, కంప్రెసరు ఆగకుండా తిరుగుతుంది, అంతే. 25 లేదా 26 మీద పెట్టి, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పుకో. ఇలాంటి యంత్రం గంటకు సుమారు ఒక యూనిటు, కొంచెం ఎక్కువే కాలుస్తుంది కనుక, రాత్రికి ఎనిమిది గంటలు నడిపితే నెలకు 250 యూనిట్ల పైమాటే. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకమైన గృహజ్యోతి కింద నీకు జీరో బిల్లు వస్తున్నట్లయితే, 200 యూనిట్లు దాటిన నెలలో అది రాదని లెక్కలో పెట్టుకో. మార్చి, ఏప్రిల్ నెలల పొడి వేడికి గడ్డి కూలరే చాలునని నా అభిప్రాయం. ఏసీని మే నెల రాత్రులకు దాచుకో. రెండింటినీ కలిపి మాత్రం నడపవద్దు, కూలరు గదిలోకి నింపే తేమను తీయడంలోనే ఏసీ శక్తి ఖర్చవుతుంది. సాయంత్రం స్లాబు మీద నీళ్లు చల్లడానికి, వీలైతే యజమానిని ఒప్పించి మిద్దెకు తెల్ల సున్నం వేయించడానికి అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఫిల్టరును పదిహేను రోజులకొకసారి కడగమని పుస్తకంలో వ్రాస్తారు. మీ ఊరిలో వారానికొకసారి కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి పెట్టు. ఎండాకాలంలో నీళ్లు అంతగా చేరవు, వాన పడ్డాక తొట్టి నిండి యంత్రం ఆగిపోతుంది. అప్పుడు అడుగున ఉన్న బిరడా తీసి వెడల్పాటి పళ్లెంలోకి వంపాలి. ఏటేటా గ్యాసు నింపాలని చెప్పే మెకానిక్కును నమ్మవద్దు. గ్యాసు వాడకంతో అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్లే, ముందు ఆ చోటు చూపించమను. లేబులు మీద ఆర్290 అని ఉంటే అది మండే గ్యాసు, గదిలో నిప్పుతో అతుకులు వేయనివ్వకు.

వానలు నిలదొక్కుకున్నాక నీళ్లన్నీ వంపి, ఒక పూట ఫ్యాను మాత్రమే నడిపి లోపలి తడి ఆర్పి, పైపు విప్పి, బట్ట కప్పి నిలువుగానే ఒక మూలకు పెట్టు. ఆ ప్లైవుడ్ పలకను పారవేయకుండా మంచం కింద దాచు. కిటికీ కొలతలు రెండువైపులా తీసి నాకు పంపితే ఇక్కడి వడ్రంగి చేత కోయించి బస్సులో పంపుతాను.

ఇట్లు,
నీ మేనమామ