ఊరి చరిత్ర మ్యూజియంలో వాలంటీర్లకు ఏం పని ఉంటుంది? చరిత్ర చదవనివాళ్లు వెళ్లొచ్చా?

తప్పకుండా వెళ్లొచ్చు. సందర్శకులకు గదులు చూపించడం, స్కూలు పిల్లలకు వివరించడం అందరికీ తెలిసిన పనులే. అసలు పనంతా వెనక గదిలో ఉంటుంది. వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు ఇచ్చి, ఎవరిచ్చారు, ఎక్కడ దొరికింది, కొలతలెంత అన్నది రిజిస్టరులో రాయాలి. ఆ వివరం పోతే ఎంత పాత నాణెమైనా సగం మూగబోయినట్టే.

తాళపత్రాలకు ఇంకా ఓపిక కావాలి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పల్చగా రాస్తారు. అక్షరాలు కనబడకపోతే దీపపు మసి పూసి పైపైన తుడుస్తారు. గంటం (తాటాకు మీద రాసే ఇనుప మొన కలం) గీసిన గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా తేలుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. నేర్పేవాళ్లు పక్కన లేకుండా మాత్రం చేయకండి.

రాజమండ్రిలో 1922లో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఇలాంటి ఆసక్తిపరుల చేతుల మీదుగానే నడిచింది. వారిలో ఒకరైన రాళ్ళబండి సుబ్బారావు పేరే అక్కడి మ్యూజియానికి పెట్టారు.

వెళ్లినప్పుడు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో ముందే చెప్పండి. తెలుగు టైపింగ్ వస్తే అదీ చెప్పండి, పాత రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి చాలా పనికొస్తుంది.