తమ్ముడు ఉంటున్న ఇంటికి తిరిగి వెళ్లాలనుకుంటే

న్యూజెర్సీ నుంచి ఒకాయన రాసిన పెద్ద ఉత్తరం ఇది. వయసు యాభై రెండు. కోనసీమలో పుట్టి పెరిగి, 1998లో అమెరికా వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. ఉద్యోగం పోయిన సమయంలోనే నాన్నగారి సంవత్సరీకాలకని వచ్చి, దాదాపు పది నెలలు ఊళ్లోనే ఉండిపోయారు. ఆ పది నెలలు తనకు చాలా నేర్పాయంటున్నారు. తక్కువ ఖర్చుతో హాయిగా బతకొచ్చని తెలిసిందట. పక్కింటివాళ్లు పిలవకుండానే వచ్చి పలకరిస్తారట. టెన్షన్ పోయి, రాత్రిళ్లు నిద్ర పడుతోందట. ఇక కుటుంబంతో సహా వచ్చి అక్కడే స్థిరపడదామంటే, భార్య ససేమిరా అంటోంది. "ఆమెను ఎలా ఒప్పించాలి?" అని అడుగుతున్నారు.

మీ ఆవిడను ఒప్పించే ఉపాయం నేను చెప్పను. ఆవిడకు అక్కడ ఉద్యోగం ఉంది, అమ్మాయి చదువు ఇంకా పూర్తి కాలేదు. ఆవిడ రానంటోంది. ఆ విషయం ఇంతటితో వదిలేయండి.

నా మనసు కలుక్కుమన్నది మరో చోట. ఉత్తరం చివర్లో రెండు వాక్యాల్లో దాటేశారు మీరు. "కొబ్బరి లెక్కలు ఒకసారి చూద్దామన్నాను. మర్నాడు పొద్దున్నే తమ్ముడు పాత డైరీలన్నీ తెచ్చి నా మంచం మీద పెట్టి, మాట్లాడకుండా చేలోకి వెళ్లిపోయాడు. వాడికంత పౌరుషం ఎందుకో అర్థం కాలేదు" అని రాశారు. పది నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పంక్తిలో కూర్చుని తిని, ఇది మీకు అర్థం కాకపోవడమే అసలు సమస్య. మీ ఆవిడ విషయం దీని తర్వాతే.

మీరు రాసిన ఏళ్లనే వరసగా పెట్టి చూడండి. తమ్ముడికి చదువు అబ్బలేదు, ఇరవయ్యో ఏట డిగ్రీ మధ్యలో మానేశాడన్నారు. మీకంటే మూడేళ్లు చిన్న అన్నారు. అంటే అది 1996. ఆ ఏడాది నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసింది. తోటలకు తోటలే నేలకూలాయి. దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పడిన చెట్లు నరికించి, మోళ్లు తవ్వించి, మళ్లీ మొక్కలు పెట్టించే పనిలో మీ నాన్నగారి పక్కన నిలబడింది ఎవరు? మీరు హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు అదే భూమి మీద అప్పు తెచ్చి మిమ్మల్ని విమానం ఎక్కించారని మీరే రాశారు. కాపు లేని తోట మీద తెచ్చిన అప్పు అది. దాన్ని ఊళ్లో ఉండి తీర్చినవాడికి చదువు అబ్బలేదని ఇప్పటికీ అంటున్నారు. ఆ మాట అతని ముందు కూడా అని ఉంటారేమోనని నాకు భయంగా ఉంది.

మొదటి రెండు మూడేళ్లు తప్ప ప్రతి నెలా డబ్బు పంపించానన్నారు. మంచిదే, ఆ పని చేయని కొడుకులు చాలామంది ఉన్నారు. కానీ కొబ్బరికి నల్లి పట్టి కాయ సైజు తగ్గిపోయినప్పుడు బేరగాడి దగ్గర మాట పడింది ఎవరు? 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించి ఖరీఫ్ నాట్లు మానేశారు. ఆ ఏడాది మీ ఇల్లు ఎలా గడిచిందో మీకు తెలుసా? నాన్నగారు పోయినప్పుడు మీకు టికెట్ దొరకలేదు. తలకొరివి తమ్ముడే పెట్టాడు, మీరు పెద్దకర్మకు అందుకున్నారు. అందులో మీ తప్పు లేదు. అయినా, పెద్దకొడుకు చేయాల్సినది తన చేత్తో చేసినవాడిని, ఏడాది తిరిగేసరికి లెక్క చూపించమన్నారు. నా వరకు నేను గట్టిగా నమ్మే మాట ఇది. ఇల్లు వదిలి వెళ్లినవాడు ఇంట్లో మిగిలినవాడిని కష్టసుఖాలు అడగవచ్చు, లెక్కలు అడగకూడదు. చట్టప్రకారం అడగవచ్చు. అన్నగా అడగకూడదు.

పైగా, ఆ డైరీలు తెరిచి చూశారో లేదో కూడా మీరు రాయలేదు.

ఇక మీ మరదలు. జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి ఎంత అందంగా రాశారో! కనుమ రోజున వెదురుతో కట్టి అలంకరించిన ప్రభకు భుజం పట్టడం, ఎగువ కౌశిక కాలువలో నీళ్లలోకి దిగడం, పచ్చని చేలు తొక్కుకుంటూ ప్రభలు వెళ్తుంటే రైతులు చేతులెత్తి దండం పెట్టడం, అన్నీ కళ్లకు కట్టాయి. పంట తొక్కినా బాధపడని ఆ రైతుల మనసు చూసి మీ కళ్లు చెమర్చాయన్నారు. పనసపొట్టు కూర, వరదల రోజుల్లో పులస పులుసు, తెల్లవారుజామున అరుగు మీదికి వచ్చే కాఫీ కూడా చెప్పారు. మరి చేతులకు నూనె రాసుకుని, ఆ జిగురులో పనసకాయను సన్నగా పొట్టు కొట్టింది ఎవరు? మీకంటే ముందు లేచి ఆ కాఫీ కలిపింది ఎవరు? ఉత్తరం మొత్తంలో ఆ అమ్మాయి ప్రస్తావన "ఇంట్లోవాళ్లు" అన్న మాటతో సరిపోయింది. మీకు పట్టిన ఆ మంచి నిద్ర వెనక ఆవిడ చాకిరీ ఉంది. బావగారు వారం ఉంటే పండగలా ఉంటుంది. పది నెలలు ఉంటే ఆ ఇంటి ఇల్లాలు తన ఇంట్లో తాను కాసేపు నడుం వాల్చడానికి కూడా మొహమాటపడుతుంది. ఆవిడ మీతో ఒక్క మాటా అనలేదంటే అది ఆవిడ పెంపకం.

మీ ఆవిడ ఇది ఎప్పుడో గ్రహించింది. "మీ తమ్ముడి సంసారం నడుస్తున్న ఇంట్లోకి మనం ఎలా వెళ్తాం?" అని అడిగిందట. మీరు దాన్ని సాకు అనుకున్నారు. ఆవిడ తన తోటికోడలి వైపు నుంచి ఆలోచించింది.

ఊరి మీద మీ ప్రేమ నిజమైనదే. ఉద్యోగం పోయి మనసు చితికి వచ్చిన మనిషిని ఆ ఊరు పేరు పెట్టి పిలిచి అక్కున చేర్చుకుంది. ఆ ఓదార్పు మీకు అవసరమే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే మీ ఉత్తరంలో పాఠాలన్నీ గాలి గురించి, నీళ్ల గురించి, పక్కింటివాళ్ల గురించీ ఉన్నాయి. తోడబుట్టినవాడి దగ్గర నేర్చుకున్నది ఒక్కటీ లేదు.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. మీరు విదేశీ పౌరులు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ మీరు వ్యవసాయ భూమి గానీ తోట గానీ కొనలేరు. వారసత్వంగా వచ్చినది ఉంచుకోవచ్చు, ఇక్కడ ఉండే భారత పౌరుడికి ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. ఈ వాటా పోతే ఇక ఊళ్లో సెంటు పొలం కూడా కొనలేననే బెంగతోనే మీరు లెక్కలదాకా వెళ్లారని నా అనుమానం. "మా అన్నదమ్ముల ఇద్దరి ఆస్తి" అని రాశారు. కాకినాడలో ఉన్న చెల్లెలు ఏమైంది? నాన్నగారు వీలునామా రాయలేదంటున్నారు కాబట్టి అమ్మకూ, చెల్లెలికీ కూడా వాటా ఉంది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక పిత్రార్జితంలోనూ కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. చెల్లెల్ని అడగకుండా ఏ కాగితమూ కదపకండి.

నా సలహా ఇది. అమ్మకు ఫోన్ చేసి తమ్ముడితో చెప్పించడం, వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టడం వద్దు. మీరే వెళ్లండి. వారం చాలు. తమ్ముడు కొబ్బరికాయల దింపు చేయించే రోజున తోటలోకి అతనితో పాటు వెళ్లి, కూలీలు భోజనాలకు లేచాక, "లెక్కలు అడగడం నా తప్పు" అని ఒక్క మాట అనండి. ఎందుకు అడగాల్సి వచ్చిందో వివరించకండి. ఆ వివరణ మళ్లీ మీ గురించే అవుతుంది. అతను ఏమీ అనకపోవచ్చు, మాట మార్చవచ్చు. అంతకుమించి ఆశించకండి.

తర్వాత, ఆ ఇల్లు, ఆ కొబ్బరి తోట వరకైనా మీ వాటా తమ్ముడి పేరున రాసి రిజిస్టర్ చేయించండి. దస్తావేజు ఏ రూపంలో ఉండాలో అమలాపురంలో మంచి లాయర్‌ను అడిగితే చెబుతారు. వరి చేలో మీ భాగం ఉంచుకుంటానంటే నేను తప్పుపట్టను. ఊళ్లో నెలల తరబడి ఉండాలనిపిస్తే అమలాపురంలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, వంటకు మనిషిని పెట్టుకోండి. అమ్మను చూడటానికి రోజూ వెళ్లండి, పిలిచిన రోజు భోజనం చేయండి.

ఈసారి వెళ్లేటప్పుడు మీ ఆవిడను కూడా రమ్మని అడగండి. తోటికోడళ్లిద్దరూ మాట్లాడుకునేటప్పుడు మీరూ మీ తమ్ముడూ వీధిలోకి వెళ్లండి.