ప్రైమరీలో సిట్టింగ్ ఓడితే సీటు పోయినట్టేనా?

ప్రశ్న: అమెరికాలో పార్టీ ప్రైమరీలోనే సిట్టింగ్ సభ్యుడు ఓడిపోతే, అసలు ఎన్నికలో ఆ పార్టీకి దెబ్బేనా? మనలాగా అక్కడా రెబల్‌గా దిగొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందస్తు పోటీ. ముందు ఆ సీటు ఎవరి కంచుకోటో చూడండి. 2018లో న్యూయార్క్‌లో సిట్టింగ్ సభ్యుడు జో క్రౌలీని ప్రైమరీలో ఓడించిన ఒకాసియో-కోర్టెజ్ నవంబరులో అసలు ఎన్నికలో సునాయాసంగా గెలిచారు. అది డెమోక్రాట్ల అడ్డా మరి.

పోటాపోటీ ఉన్నచోట లెక్క వేరు. ప్రైమరీకి ఎక్కువగా వచ్చేది కరడుగట్టిన పార్టీ ఓటర్లు. వాళ్లను ఊపేసిన మాట తటస్థులకు రుచించదు. 2012లో ఇండియానాలో ఆరుసార్లు గెలిచిన రిపబ్లికన్ సెనేటర్ లూగర్‌ను మర్డాక్ ప్రైమరీలో మట్టికరిపించారు. అక్టోబరు చర్చలో మర్డాక్ అత్యాచారం వల్ల వచ్చే గర్భం గురించి నోరు జారారు, నవంబరు ఎన్నికలో సీటు డెమోక్రాట్ డొనెల్లీ పాలైంది. విచిత్రమేమిటంటే, అదే రోజు అదే రాష్ట్రంలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రామ్నీ గెలిచారు.

రెబల్ సంగతి: ఇక్కడ బీ-ఫారం దక్కకపోతే పదిమంది ప్రతిపాదకులతో ఇండిపెండెంటుగా నామినేషన్ వేసేయొచ్చు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రైమరీలో ఓడినవారి పేరు మళ్లీ బ్యాలెట్‌ ఎక్కదు. అయినా 2010లో ప్రైమరీలో ఓడిన అలాస్కా సెనేటర్ లీసా ముర్కౌస్కీ ఓటర్ల చేత తన పేరు చేత్తో రాయించుకుని గెలిచారు. స్పెల్లింగు తప్పులున్న ఓట్లు చెల్లవని ప్రత్యర్థి జో మిల్లర్ కోర్టుకెక్కినా ఆ వాదన నిలవలేదు.