ఒంటి రంగే వస్తువుగా నాట్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కూచిపూడి ఆడతాను, కథలు రాస్తాను. నల్లగా ఉంటానని ప్రతి ప్రోగ్రాంకూ తెల్లటి పాన్‌కేక్ (స్టేజీ మేకప్) పూసేస్తారు. ఈ రంగు మీదే పది నిమిషాల సోలో (ఒక్కరే ఆడే నాట్యం) నేనే రాసి ఆడాలని ఉంది. జాతి వివక్ష మీద ఇలా చేసినవాళ్లు ఎవరు? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ముందుగా కాథరిన్ డన్హమ్ (1909–2006) గురించి తెలుసుకోండి. నల్లజాతి అమెరికన్ నర్తకి, రచయిత్రి. చికాగోలో మానవశాస్త్రం చదివారు. 1935-36లో జమైకా, హైతీ వంటి కరీబియన్ దీవులకు వెళ్లి, అక్కడివాళ్లతో కలిసి ఆడుతూ నేర్చుకున్నారు, రాసుకున్నారు. స్టేజీ మీదికి తెచ్చింది ఆ తర్వాతే. నల్లవాళ్లను మూకలు చంపడంపై ‘సౌత్‌లాండ్’ అనే నాట్యాన్ని 1951లో చిలీలోని శాంటియాగోలో ప్రదర్శించారు. అమెరికా అధికారులకు అది మింగుడుపడలేదు.

అయితే అమెరికా సంగతిని తెచ్చి మన రంగు పట్టింపుకు అతికించకండి. అక్కడ దాని వెనుక బానిసత్వం, వేరుగా కూర్చోబెట్టిన చట్టాలు ఉన్నాయి. ఇక్కడ కులం, పెళ్లిచూపులు, ఎండన పడి చేసే పొలం పని ఉన్నాయి. ‘పిల్ల కళగానే ఉంది, రంగే తక్కువ’ లాంటి మాటలు మీ ఇంటి చుట్టుపక్కలే దొరుకుతాయి. వాటితోనే మొదలుపెట్టండి.

సాధన అయ్యాక చెమట ఆరకముందే అర పేజీ రాయండి. ‘బాధేసింది’ అంటే ఆడటానికి పనికిరాదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడు ఏ భుజం ముడుచుకుంది, అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) ఏ మోకాలు వణికింది, చూపు ఎటు తిరిగింది, అవి రాయండి. రెండు వారాల తర్వాత తిరగేస్తే పదేపదే వచ్చిన కదలికలు రెండో మూడో తేలతాయి. సోలోకి అవే మూలం.

తర్వాత పేజీని నిలువునా రెండుగా గీసి ఎడమవైపు కదలిక, కుడివైపు మాట రాయండి. రెండూ ఒకే సంగతి చెబుతుంటే మాట కొట్టేయండి. కొత్తవాళ్ల సోలోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: చేత్తో పట్టిన అర్థాన్నే నోటితోనూ చెబుతారు. నర్తకి మాట్లాడటం కూచిపూడికి కొత్త కాదు, కూచిపూడి నాటకం భామాకలాపంలో సత్యభామకు వాచికం (నోటితో చెప్పే మాటలు) ఉండనే ఉంది. కాకపోతే జతి (తాళానికి వేసే అడుగుల వరస) ముగిసిన వెంటనే వాక్యం పెడితే ఊపిరి అందక చివరి అక్షరాలు మింగేస్తారు. జతికి ముందైనా పెట్టండి, లేదా ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) నిలబడి ఊపిరి తీసుకున్నాక చెప్పండి. పది నిమిషాలకు 300 మాటలు చాలు.

పాన్‌కేక్ షేడ్‌ను దవడ అంచున రాసి పగటి వెలుగులో చూడండి. మెడ రంగులో కలిసిపోతే అది మీ షేడ్. లేత షేడ్ వేస్తే తెల్ల లైట్ల కింద ముఖం బూడిద పూసినట్టు కనిపిస్తుంది, చేతులు వేరే మనిషివిలా తేలిపోతాయి. ఇంకెవరైనా మేకప్ వేస్తుంటే మీ డబ్బా మీరే తీసుకెళ్లి ఇవ్వండి.

ప్రశ్న: ఫోన్లో తీస్తే నా ముఖం నల్లగా ముద్దగా వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వెనక తెల్లగోడో తెల్లతెరో ఉండి ఉంటుంది. ఫోన్ ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించేస్తుంది. మట్టిరంగు లేదా ముదురు నీలం తెర కట్టండి. ఫోన్ స్క్రీన్ మీద ముఖంపై వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చేసి, వేలిని కాస్త పైకి జరపండి. పసుపు ఛాయ లైట్లు రెండు, నడుము ఎత్తున చెరోపక్క పెడితే చేతుల, కాళ్ల కండరాల వంపులు తెలుస్తాయి. ఎదురు లైటు ఒక్కటే ఉంటే అవన్నీ చదునైపోతాయి.