అమ్మానాన్నలతో చెరువుల వైపు వెళ్తున్నాం: లక్నవరమా, రామప్పా, పాకాలా?

పెద్దవాళ్లతో రెండు మూడు రోజులు ఏ హడావుడీ లేకుండా చెరువు దగ్గర గడపాలని ఉందనీ, ఈ మూడింటినీ ఒకే ప్రయాణంలో చూడవచ్చా అనీ అడిగారు. హనుమకొండలో ఉంటూ ఏళ్ల తరబడి ఈ చెరువులకు వెళ్లివస్తున్న నేను చెప్పేది ఒక్కటే: విశ్రాంతి కోసమే అయితే ఒక చెరువును ఎంచుకుని అక్కడే ఉండండి. పాకాల నర్సంపేట వైపు, మిగిలిన రెండూ ములుగు వైపు ఉన్నాయి కాబట్టి మూడూ చూడాలని బయలుదేరితే అమ్మానాన్నల నడుములకు కారు ప్రయాణమే మిగులుతుంది.

నేనైతే లక్నవరంలో దిగమంటాను. వరంగల్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు, పర్యాటక శాఖ గదులు చెరువు దగ్గరే ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. ఆదివారాలు వేలాడే వంతెన మీద కాలు పెట్టే చోటుండదు. వారం మధ్యలో వెళ్తే, పగటిపూట వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోయాక చెరువంతా మీదే. దసరా తరువాత నుంచి సంక్రాంతి వరకు మంచి కాలం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లో మాత్రం ఆ దారిలో విశ్రాంతి ప్రయాణం పెట్టుకోకండి.

అక్కడ ఏం చేయాలని అడుగుతారేమో. గుట్టల మధ్య ఖాళీలను మట్టికట్టతో మూసి వాననీటిని నిలిపిన కాకతీయుల పనితనం కట్ట మీద నిదానంగా నడిస్తేనే అర్థమవుతుంది. ఒకవైపు నీళ్లు, మరోవైపు ఆ నీళ్లతోనే పండే పొలాలు. తూము నుంచి కాలువలోకి దిగే నీటి వెంట కాస్త దూరం వెళ్తే, యాసంగి నాట్ల వేళ బురద దున్నే ట్రాక్టరు వెనకే పురుగుల కోసం కొంగలు గుంపుగా నడుస్తూ కనిపిస్తాయి. పొద్దున్నే చేపలు పట్టేవాళ్లు వల ఒడ్డుకు చేర్చి, వల కన్నుల్లో చిక్కిన చేపలను పొలుసు చెదరకుండా ఒక్కొక్కటే వేళ్లతో విడదీస్తారు. మా అమ్మ వాళ్ల పక్కన కూర్చుని, ఏ చేప పులుసుకు బాగుంటుందో అడుగుతూ టిఫిను సంగతే మరిచిపోయింది. ఇలాంటి పూటలకు చోటుండాలనే నేను ఒక్క చెరువు అంటున్నాను.

ఒక ఉదయం రామప్ప గుడికి కేటాయించండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఎండ ముదరకముందే చేరుకుంటే ఎర్రటి ఇసుకరాతి గోడల మీద, పైకప్పు అంచుకు ఆనుకున్న నల్లరాతి నాయికల మీద పడే ఏటవాలు వెలుగులో ముక్కుపుడక నుంచి కాలి అందె దాకా నగలన్నీ విడివిడిగా తెలుస్తాయి. గుడి ఎత్తైన అరుగు మీద ఉంది కాబట్టి మెట్ల దగ్గర నాన్నగారికి చేయి అందించండి. చూశాక సమీపంలోని రామప్ప చెరువు కట్ట మీద కూర్చుని, మధ్యాహ్న భోజనానికి లక్నవరం తిరిగి రావచ్చు.

అడవి మధ్యన ఉన్న పాకాలను మరోసారికి ఉంచుకోండి. నర్సంపేట మీదుగా వరంగల్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. రోజూ వేసుకునే మందులు మాత్రం వరంగల్‌లోనే తీసుకుని బయలుదేరండి.