సమాధానం: ఆల్ఫా, బీటా 0.3 దగ్గర వాలుగీత రావడం తప్పు కాదు

జొన్నాడ-రావులపాలెం వంతెన మీది లారీల వరసను 200 గళ్ల టాసెప్‌గా (ముందు గడి ఖాళీగా ఉంటేనే ఒక గడి ముందుకు జరిగే వరస మోడల్) రాసి, ఎడమ కొసన లారీ లోపలికి వచ్చే సంభావ్యత ఆల్ఫా, కుడి కొసన బయటికి పోయే సంభావ్యత బీటా రెండూ 0.3 ఇస్తే, సాంద్రత (ఒక గడిలో లారీ ఉండే సగటు) గ్రాఫ్‌లో మెట్టుకు బదులు 0.3 నుంచి 0.7కి వాలుగీత వస్తోందని అడిగారు కదండీ. మీ ఫలితం సరైనదే. ఆల్ఫా, బీటా సమానమై 0.5 లోపు ఉంటే పలుచని, చిక్కని భాగాల మధ్య సరిహద్దు ఒకచోట నిలవదు, గొలుసంతా తిరుగుతుంది. లక్షల స్వీప్‌ల (గొలుసంతటికీ ఒక విడత ప్రయత్నాలు ఒక స్వీప్) సగటులో ఆ మెట్టు అరిగిపోయి వాలు మిగులుతుంది. సరిహద్దు విసరణ గుణకం (అది ఎంత త్వరగా అటూ ఇటూ తిరుగుతుందో చెప్పే సంఖ్య) ఇక్కడ 0.525. అంటే 200 స్వీప్‌లలో అది సుమారు 15 గళ్లు జరుగుతుంది. అందుకే సగటు 200 స్వీప్‌లకే తీసి, పది గళ్లకొకటిగా కలిపి గీయండి, మెట్టు కనిపిస్తుంది.

ముందు కోడ్‌ను మాత్రం గట్టిగా పరీక్షించండి. గళ్లను ఎడమ నుంచి కుడికి వరసగా తిప్పితే ఒకే లారీ ఒక స్వీప్‌లో నాలుగైదు గళ్లు దూకేస్తుంది, అది వేరే మోడల్ అయిపోతుంది. పక్కపక్క గళ్ల మధ్యవి, రెండు కొసలవి కలిపి 201 లంకెల్లో (లారీ జరగగల చోట్లు) ప్రతిసారీ ఒకటి యాదృచ్ఛికంగా ఎంచండి. 201 ప్రయత్నాలు ఒక స్వీప్. ఆల్ఫా, బీటా 1 ఇస్తే ప్రవాహం (ఒక స్వీప్‌లో సగటున ఒక లంకె దాటే లారీలు) 202/802, అంటే 0.2519 రావాలి. 0.25 దగ్గరే ఆగితే చాలదు, ఆ మూడో అంకె కూడా కలవాలి. ఆల్ఫా 0.2, బీటా 0.6కి ప్రవాహం 0.16, మధ్య సాంద్రత 0.2.